హాట్‌స్వాప్ పవర్ కంట్రోలర్‌కు లినక్స్ డ్రైవర్ రాయడం: మొదటి రీడింగు నుంచి ప్యాచ్ దాకా

రేణిగుంట, వికృతమాల ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయాలు వచ్చాక తిరుపతి చుట్టుపక్కల బోర్డులు బిగించేవాళ్లకు కొదవ లేదు. ఆ బోర్డు మీది చిప్పుతో మాట్లాడే కోడు రాసేవాళ్లే కరువు. ఎస్వీ యూనివర్సిటీలోనో ఏర్పేడు ఐఐటీలోనో ఎలక్ట్రానిక్స్ చదివి, సీ భాష బాగానే వచ్చి, కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూలభాగం) అనగానే వెనకాడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొదటి డ్రైవర్‌గా హాట్‌స్వాప్ కంట్రోలర్ (నడుస్తున్న యంత్రంలో కార్డు పెట్టినప్పుడు దానికి వెళ్లే కరెంటును అదుపు చేసే చిప్పు) మంచి ఎంపిక. కోడు కొన్ని వందల పంక్తులకు మించదు. అయినా అందులో ఐ2సీ బస్సు (చిప్పులు మాట్లాడుకునే రెండు తీగల దారి), డివైస్ ట్రీ (బోర్డు మీద ఏ చిప్పు ఎక్కడుందో కెర్నెల్‌కు చెప్పే వివరణ), కొలతల లెక్క, రెగ్యులేటర్లు అన్నీ ఎదురవుతాయి. అజాగ్రత్తగా రాస్తే ఏం పోతుందో కూడా వెంటనే తెలుస్తుంది: నడుస్తున్న యంత్రానికి కరెంటు పోతుంది.

ఉదాహరణకు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎల్‌ఎం5066ఐ తీసుకుందాం. 10 నుంచి 80 వోల్టుల దాకా పనిచేసే ఈ చిప్పు పీఎంబస్ భాషలో, అంటే ఐ2సీ మీద పవర్ చిప్పుల కోసం ఏర్పరచిన ఆదేశాల ప్రమాణంలో, మాట్లాడుతుంది. కోడులోని పేర్లను పలికే తీరులోనే రాశాను. అండర్‌స్కోర్లు ఉన్నచోట ఉంచాను కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి కెర్నెల్ మూలంలో వెతికితే దొరుకుతాయి.

చిప్పు పని ఏది, డ్రైవర్ పని ఏది

నడుస్తున్న 48 వోల్టుల స్లాటులోకి ఒక కార్డును తోశారనుకోండి. కార్డు మీది కెపాసిటర్లు అప్పటికి ఖాళీ. ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో షార్ట్ సర్క్యూట్‌తో సమానం. అడ్డు లేకపోతే కనెక్టరు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది, పక్క స్లాట్లకు వోల్టేజీ పడిపోతుంది, అవి రీసెట్ అవుతాయి. హాట్‌స్వాప్ కంట్రోలర్ దారిలో ఒక మాస్ఫెట్‌ను పెట్టి, దాని గేటును మెల్లగా తెరుస్తుంది.

ఆ మెల్లదనానికి ఒక ఖరీదు ఉంది. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 48 వోల్టులకు నిండితే అందులో సుమారు 1.15 జౌళ్ల శక్తి చేరుతుంది. నింపే క్రమంలో దాదాపు అంతే శక్తి మాస్ఫెట్‌లో వేడిగా మారుతుంది. ఈ వేడిని మాస్ఫెట్ తట్టుకునే హద్దులో ఉంచడానికి చిప్పు కరెంటునూ, పవర్‌నూ రెండింటినీ కట్టడి చేస్తుంది. కట్టడి ఎంతసేపు కొనసాగవచ్చో టైమర్ పిన్నుకు తగిలించిన కెపాసిటర్ నిర్ణయిస్తుంది. గడువు దాటితే గేటు మూసుకుంటుంది.

ఇదంతా మైక్రోసెకన్లలో, మిల్లీసెకన్లలో జరిగే వ్యవహారం. లినక్స్ షెడ్యూలర్‌కు అక్కడ చోటు లేదు. కరెంటు హద్దు దాటితే వెంటనే ఆపాలంటూ డ్రైవర్‌లో ఒక థ్రెడ్డు పెట్టి రిజిస్టరును పదేపదే చదివించేవాళ్లను చూశాను. ఆ థ్రెడ్డు నిద్రలేచేసరికి చిప్పు ఎప్పుడో తన పని ముగించి ఉంటుంది. రక్షణ హార్డ్‌వేర్‌కే వదిలేయండి. డ్రైవర్ చేయవలసింది కొలతలను సరైన యూనిట్లలో చెప్పడం, లోపం వస్తే అది ఏ లోపమో చెప్పడం, హెచ్చరిక హద్దులను మార్చుకోనివ్వడం. అంతకు మించి చిప్పు మీద చేయి వేసే ప్రతి పంక్తినీ అనుమానంగా చూడాలి.

1. రాసే ముందు వెతకండి

కెర్నెల్ మూలంలో డ్రైవర్స్ కింద హెచ్‌డబ్ల్యూమాన్ (సెన్సారు కొలతలను చూపించే విభాగం), దాని కింద పీఎంబస్ అనే డైరెక్టరీ ఉంటుంది. అందులోని ఎల్‌ఎం25066 ఫైలు ఒక్కటే ఎల్‌ఎం25056, ఎల్‌ఎం25066, ఎల్‌ఎం5064, ఎల్‌ఎం5066, ఎల్‌ఎం5066ఐ అనే ఐదు చిప్పులను చూసుకుంటుంది. అనలాగ్ డివైసెస్ కుటుంబానికి ఏడీఎం1275 ఫైలు ఉంది. అంటే మనం ఎంచుకున్న చిప్పుకు డ్రైవర్ ఇప్పటికే ఉంది. నేర్చుకోవడానికి అదే అనుకూలం. ముందు మీరే రాసి, తర్వాత పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. నిజంగా కొత్త చిప్పు చేతికి వచ్చినప్పుడు మాత్రం, అది ఏదైనా పాత కుటుంబానికి దగ్గరిదైతే ఉన్న పట్టికలో ఒక వరుస చేర్చండి చాలు. కొత్త ఫైలు రాసి పంపితే వెనక్కి వస్తుంది.

అన్ని హాట్‌స్వాప్ చిప్పులూ పీఎంబస్‌వే కావు. ఎల్‌టీసీ4282 లాంటివి సొంత రిజిస్టర్లతో వస్తాయి. వాటికి పీఎంబస్ కోర్ (పీఎంబస్ చిప్పులన్నిటికీ ఉమ్మడి పని చేసిపెట్టే కెర్నెల్ కోడు) ఉపయోగపడదు, నేరుగా హెచ్‌డబ్ల్యూమాన్ చట్రంలో రాయాలి. ఇక టెలికాం పరికరాల మైనస్ 48 వోల్టుల సరఫరా మీద పనిచేసేవాళ్లకు కావలసింది ఎల్‌ఎం5064. అక్కడ చిప్పు గ్రౌండు మన కంప్యూటర్ గ్రౌండు ఒకటి కాదు. ఐ2సీ తీగలను ఐసొలేటర్ లేకుండా కలిపితే కంప్యూటరో బోర్డో కాలిపోతుంది.

2. బల్ల మీద ఏముండాలి

చిప్పు ఉన్న ఎవాల్యుయేషన్ బోర్డు, కరెంటు హద్దు పెట్టుకోగల బెంచి సప్లై, ఒక రాస్ప్‌బెర్రీ పై, మల్టీమీటరు, లోడుగా వాడటానికి పెద్ద వాట్ల రెసిస్టర్లు. రెసిస్టర్లు, తీగలు, కనెక్టర్లు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ వీధికి వెళ్తే ఒక్క పూటలో దొరుకుతాయి. చిప్పును, బోర్డును మాత్రం అధీకృత పంపిణీదారుల దగ్గరే తెప్పించుకోండి. నకిలీ మాస్ఫెట్‌తో హాట్‌స్వాప్ పరీక్షించడం అంటే డబ్బును కాల్చడమే.

సప్లై హద్దును మొదట 1 ఆంపియర్ దగ్గర పెట్టండి. రాస్ప్‌బెర్రీ పై ఐ2సీ పిన్నులు 3.3 వోల్టులవి, వాటి మీద 1.8 కిలోఓముల పుల్‌అప్ రెసిస్టర్లు ముందే ఉంటాయి. గ్రౌండు తీగను అన్నిటికంటే ముందు కలపండి, చివరన తీయండి.

బోర్డు కొనే స్థోమత ఇప్పుడు లేకపోయినా ఆగనక్కర్లేదు. కెర్నెల్‌లో ఐ2సీ-స్టబ్ అనే మాడ్యూల్ ఉంది. దానికి ఒక చిరునామా ఇచ్చి లోడ్ చేస్తే, ఆ చిరునామాలో ఒక ఊహాచిప్పు కూర్చుంటుంది. రిజిస్టర్లలో మీకు నచ్చిన విలువలు నింపి, డ్రైవర్‌తో చదివించవచ్చు. కాలేజీ ల్యాబులో ముప్పై మందికి ఒకే బోర్డు ఉన్నచోట మొదటి వారమంతా దీనితోనే నడపవచ్చు. ఒక తేడా గుర్తుంచుకోండి. నిజమైన చిప్పు తనకు తెలియని ఆదేశాన్ని తిరస్కరిస్తుంది. స్టబ్ దేనికైనా సున్నా అని జవాబిస్తుంది. అందువల్ల స్టబ్ మీద నిజంగా లేని హద్దుల ఫైళ్లు కూడా పుట్టుకొస్తాయి.

3. డ్రైవర్ లేకుండా మాట్లాడించండి

కోడు ఒక్క పంక్తి కూడా రాయకముందే ఐ2సీ-టూల్స్‌తో చిప్పు పలుకుతుందో లేదో చూడాలి. ఐ2సీ-డిటెక్ట్‌తో బస్సును వెతికితే చిరునామా కనబడుతుంది. చిరునామాను చిప్పు అడ్రస్ పిన్నుల కనెక్షను నిర్ణయిస్తుంది కాబట్టి బోర్డు స్కీమాటిక్‌తో సరిచూసుకోండి. బల్ల మీద ఇలా వెతకడం సరే. అమ్మకానికి వెళ్లిన యంత్రంలో మాత్రం బస్సంతా గాలించకండి. పక్క చిరునామాలో ఏ చిప్పు దాన్ని ఆదేశంగా తీసుకుంటుందో చెప్పలేం.

తర్వాత ఐ2సీ-గెట్‌తో హెక్స్ 88 ఆదేశాన్ని వర్డ్ రూపంలో చదవండి. పీఎంబస్‌లో 88 అంటే ఇన్‌పుట్ వోల్టేజీ. సప్లై 48 వోల్టుల దగ్గర ఉంటే హెక్స్ 08ఏ7కు దగ్గరి విలువ వస్తుంది. తీగ మీద ముందు ఏ7, తర్వాత 08 వెళ్తాయి. వర్డ్ రూపంలో అడిగితే ఆ క్రమాన్ని ఉపకరణమే సరిచేస్తుంది. అంకెలు తారుమారుగా కనిపిస్తే బైటు బైటుగా చదువుతున్నారని అర్థం.

హెక్స్ 79ని కూడా చదివి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అది స్టేటస్ వర్డ్. ఎందుకంటే పీఎంబస్ కోర్ లోడ్ అయ్యేటప్పుడే పాత లోపాలన్నిటినీ తుడిచేస్తుంది. నిన్న రాత్రి బోర్డు ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవాలంటే, చిప్పుకు సరఫరా తీయకుండా, డ్రైవర్ ఎక్కకముందే ఈ వర్డు చదవాలి. పని ముగిసి డ్రైవర్ ఎక్కాక ఐ2సీ-గెట్ ఆ చిరునామాను ముట్టుకోనివ్వదు. పట్టుబట్టి బలవంతపు ఆప్షన్‌తో చదివితే డ్రైవర్‌కూ మీకూ మధ్య పేజీలు (చిప్పులో ఒక్కో అవుట్‌పుట్‌కు ఉండే రిజిస్టర్ల విభాగాలు), స్టేటస్ బిట్లు కలగాపులగం కావచ్చు.

4. లెక్క: ఇక్కడే ఎక్కువసేపు ఆగండి

పీఎంబస్ చిప్పులు అంకెలను పలు రూపాల్లో ఇస్తాయి. లీనియర్ రూపంలో ఒక మాంటిస్సా, ఒక ఘాతం కలిసి వస్తాయి. మన చిప్పుది డైరెక్ట్ రూపం. డేటాషీటు ఎం, బి, ఆర్ అనే మూడు గుణకాలను ఇస్తుంది. చిప్పు ఇచ్చిన అంకె వై అయితే అసలు విలువ ఇలా వస్తుంది: వైని పది యొక్క మైనస్ ఆర్ ఘాతంతో గుణించి, బిని తీసేసి, ఎం విలువతో భాగించాలి.

ఎల్‌ఎం5066ఐ ఇన్‌పుట్ వోల్టేజీకి ఎం 4617, బి మైనస్ 140, ఆర్ మైనస్ 2. పైన చదివిన 08ఏ7 దశాంశంలో 2215. ఆర్ మైనస్ 2 కాబట్టి 100తో గుణిస్తే 2,21,500. మైనస్ 140ని తీసేయడం అంటే 140 కలపడమే: 2,21,640. దాన్ని 4617తో భాగిస్తే 48.005 వోల్టులు. మల్టీమీటరుతో పోల్చండి. చిప్పులో వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ 12 బిట్లది కాబట్టి 4095 దగ్గర కొలత నిండిపోతుంది. అదే లెక్క వేస్తే అది 88.7 వోల్టుల దగ్గర.

కరెంటు దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. చిప్పు కరెంటును నేరుగా చూడదు. షంట్ రెసిస్టర్ మీద పడిన మిల్లీవోల్టులను చూస్తుంది. బోర్డు మీద ఏ విలువ షంట్ ఉందో చిప్పుకు తెలియదు. డేటాషీటులో ఎం విలువ 1 మిల్లీఓముకు ఇచ్చినది. మీ బోర్డు మీద 2 మిల్లీఓములు ఉంటే ఎం కూడా రెట్టింపు కావాలి. కరెంటు హద్దును షంట్ మీద 26 మిల్లీవోల్టుల దగ్గర పెడితే ఎం 15076, బి మైనస్ 504, ఆర్ మైనస్ 2. ఆ బోర్డు మీద 6 ఆంపియర్లు పోతుంటే చిప్పు 1804 అనే అంకె ఇస్తుంది. ఎంను సవరించకుండా అదే అంకెను లెక్కిస్తే 12 ఆంపియర్లని తేలుతుంది. ఏ ఎర్రర్ సందేశమూ రాదు. పవర్ కూడా రెట్టింపు చూపిస్తుంది, డాష్‌బోర్డు మీద అంతా నమ్మదగినట్టే కనిపిస్తుంది. డ్రైవర్లలో అన్నిటికంటే చెడ్డ తప్పు ఇలాంటిదే.

ఇంకో మెలిక. ఈ చిప్పుకు కరెంటు హద్దు 26 మిల్లీవోల్టుల దగ్గరగానీ 50 దగ్గరగానీ పెట్టవచ్చు. ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి ఏడీసీ కొలమానం మారుతుంది కాబట్టి గుణకాలు కూడా రెండు జతలు ఉంటాయి. హెక్స్ డీ9 దగ్గరున్న డివైస్ సెటప్ రిజిస్టరులో 4వ బిట్టు చూసి డ్రైవర్ సరైన జతను ఎంచుకోవాలి.

కెర్నెల్‌లో దశాంశ బిందువు వాడే లెక్కలు ఉండవు. హెచ్‌డబ్ల్యూమాన్ యూనిట్లు పూర్ణాంకాలే: వోల్టేజీ మిల్లీవోల్టుల్లో, కరెంటు మిల్లీఆంపియర్లలో, పవర్ మైక్రోవాట్లలో, వేడి మిల్లీడిగ్రీల సెల్సియస్‌లో. 48 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు అంటే 2400 వాట్లు. మైక్రోవాట్లలో అది 240 కోట్లు. 32 బిట్ల సైన్డ్ పూర్ణాంకంలో పట్టేది 214 కోట్ల పైచిలుకే. పీఎంబస్ కోర్ ఈ లెక్కను 64 బిట్లలో చేస్తుంది. సొంతంగా ఏదైనా గుణింతం రాస్తే మీరు కూడా అదే పాటించాలి.

5. డివైస్ ట్రీ

ఐ2సీ నోడు కింద ఒక ఉపనోడు. అందులో మూడే విషయాలు: కంపాటిబుల్ స్ట్రింగ్, రెగ్ అంటే చిరునామా, షంట్-రెసిస్టర్-మైక్రో-ఓమ్స్. 2 మిల్లీఓముల షంట్‌కు 2000 రాయాలి. ఈ మూడోది రాయకపోతే ప్రస్తుత డ్రైవర్ 1000 అనుకుంటుంది. దాని పర్యవసానం పైన చూశాం.

6. డ్రైవర్ చట్రం

పీఎంబస్ కోర్ హెడర్ ఆ డైరెక్టరీలోనే ఉంటుంది కాబట్టి మీ ఫైలును కూడా అక్కడే పెట్టండి. కెర్నెల్‌లో ఏమేం చేర్చాలో ఎంచుకునే కేకాన్ఫిగ్‌లో ఒక పేరు, మేక్‌ఫైలులో ఒక పంక్తి చేర్చండి.

చట్రానికి మూలం పీఎంబస్_డ్రైవర్_ఇన్ఫో అనే స్ట్రక్చరు. పేజీలు ఎన్ని అన్నదానికి 1 రాయండి. ఒక్కో రకం సెన్సారుకు ఫార్మాట్ డైరెక్ట్ అని, దాని ఎం, బి, ఆర్ విలువలు నింపండి. ఫంక్ అనే ఫీల్డులో ఈ చిప్పుకు ఏమేం ఉన్నాయో బిట్లుగా చెప్పాలి: ఇన్‌పుట్ వోల్టేజీ, అవుట్‌పుట్ వోల్టేజీ, అదనపు వోల్టేజీ, ఇన్‌పుట్ కరెంటు, ఇన్‌పుట్ పవర్, వేడి, వాటి స్టేటస్ రిజిస్టర్లు. లేనిదాన్ని ఉందని రాస్తే కోర్ దాన్ని అడుగుతుంది, చిప్పు తిరస్కరించి కమ్యూనికేషన్ లోపం బిట్టును లేపుతుంది.

చిప్పుకు డ్రైవర్‌ను జత చేసేటప్పుడు కెర్నెల్ పిలిచే ప్రోబ్ ఫంక్షన్‌లో వరుస ఇలా ఉండాలి. ముందు అడాప్టర్‌కు వర్డ్ చదివే సామర్థ్యం ఉందో లేదో చూడండి. డెవ్ఎం_కేజడ్ఆలాక్‌తో మీ సొంత డేటాకు చోటు తీసుకోండి. డీ9 చదవండి, విఫలమైతే ఆ ఎర్రర్‌నే తిరిగి ఇవ్వండి. షంట్ విలువను తీసుకుని కరెంటు, పవర్ ఎం విలువలను సవరించండి. షంట్ సున్నా అని వస్తే ఒప్పుకోకండి. చివరగా పీఎంబస్_డూ_ప్రోబ్‌ను పిలవండి. సెన్సారు ఫైళ్లు పుట్టించడం, లాకులు, క్యాషింగు అంతా అదే చూసుకుంటుంది. వనరులన్నీ డెవ్ఎం రకానివి, అంటే డ్రైవర్ దిగగానే కెర్నెల్ తానే విడిపించేవి, కాబట్టి రిమూవ్ ఫంక్షన్ అవసరం లేదు. కొత్త కెర్నెళ్లలో ప్రోబ్‌కు క్లయింట్ ఒక్కటే ఆర్గ్యుమెంటుగా వస్తుంది. ఫైలు చివర పీఎంబస్ నేమ్‌స్పేస్‌ను ఇంపోర్ట్ చేసుకోవడం మరవకండి. మరిస్తే మాడ్యూల్ లోడ్ కాదు.

7. రిజిస్టర్ల మళ్లింపు

చిప్పు ప్రమాణాన్ని తూచా తప్పకుండా పాటిస్తే డ్రైవర్ ఇక్కడితో అయిపోయేది. పాటించదు. పీఎంబస్ ప్రమాణం ప్రకారం ఇన్‌పుట్ కరెంటు హెక్స్ 89లో ఉండాలి. ఈ కుటుంబంలో డ్రైవర్ దాన్ని తయారీదారు సొంత ఆదేశం డీ1 దగ్గర చదువుతుంది. పవర్‌కు డీ2, కరెంటు హెచ్చరిక హద్దుకు డీ3, పవర్ హద్దుకు డీ4. అందుకే రీడ్_వర్డ్_డేటా అనే కాల్‌బ్యాక్ రాసుకోవాలి. కోర్ ప్రామాణిక ఆదేశాన్ని అడిగినప్పుడు, స్విచ్ స్టేట్‌మెంటులో పట్టుకుని అసలు చోటికి మళ్లించాలి. వర్చువల్ రిజిస్టర్లు (ప్రమాణంలో లేకపోయినా కోర్ తన కోసం పెట్టుకున్న ఆదేశాలు) కూడా ఇక్కడే వస్తాయి: గరిష్ఠ పవర్ అడిగితే డీ5, ఆ గరిష్ఠాన్ని చెరిపేయమంటే డీ6, సగటు విలువలకు డీసీ నుంచి డీఎఫ్ దాకా. మీకు సంబంధం లేని ఆదేశం వస్తే మైనస్ ఈనోడేటా ఇవ్వండి, కోర్ తన మామూలు దారిలో చదువుకుంటుంది. అసలు లేనిదైతే మైనస్ ఈఎన్ఎక్స్ఐఓ. ఈ రెండింటినీ తారుమారు చేస్తే కొన్ని ఫైళ్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి.

డీ0 దగ్గరున్న అదనపు వోల్టేజీ కొలమానం వేరు, ఇన్‌పుట్ వోల్టేజీ కొలమానం వేరు. కోర్ మాత్రం రెండింటికీ ఒకే గుణకాల జత వాడుతుంది. అందుకని డీ0 అంకెను కాల్‌బ్యాక్‌లోనే ఇన్‌పుట్ వోల్టేజీ కొలమానానికి మార్చి ఇవ్వాలి.

సగటు తీయడానికి ఎన్ని నమూనాలు అన్నది డీబీలో ఉంటుంది. అక్కడ నిల్వ ఉండేది రెండు యొక్క ఘాతం. 12 రాస్తే 4096 నమూనాలు. వినియోగదారు 1000 అని రాస్తే ఏం చేయాలో మీరు నిర్ణయించి రాయాలి.

8. రెగ్యులేటర్: 30 సెకన్ల ఉచ్చు

కార్డును సాఫ్ట్‌వేర్ నుంచి ఆపి, మళ్లీ తెరవాలంటే చిప్పును రెగ్యులేటర్‌గా, అంటే కెర్నెల్ ఆన్, ఆఫ్ చేయగల సరఫరాగా, చూపించవచ్చు. హెక్స్ 01 ఆపరేషన్ ఆదేశంలో పై బిట్టు 1 అయితే ఆన్, 0 అయితే ఆఫ్. పీఎంబస్ కోర్‌లో సిద్ధంగా ఉన్న మాక్రోతో పని అయిపోతుంది. సులువుగా ఉంది కదా అని ఊరికే చేర్చకండి.

డివైస్ ట్రీలో రెగ్యులేటర్ నోడు పెట్టి, దాన్ని వాడుకునే పరికరం ఏదీ చూపకుండా, రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్ కూడా రాయకుండా వదిలారనుకోండి. డ్రైవర్ బూట్ సమయంలోనే ఎక్కితే, బూట్ ముగిసిన సుమారు 30 సెకన్లకు కెర్నెల్ వాడుకలో లేని రెగ్యులేటర్లను ఆపేస్తుంది. ఆ చిప్పు గుండానే ఈ బోర్డుకు కరెంటు వస్తుంటే, బోర్డు తన గొంతు తానే నులుముకుంటుంది. బూట్-ఆన్ అని రాసినా లాభం లేదు, అది మొదట ఆన్‌లో ఉంచుతుందే తప్ప ఈ శుభ్రతా కార్యక్రమం నుంచి కాపాడదు. లాగిన్ అయి రెండు ఆదేశాలు కొట్టేలోపే బోర్డు చచ్చిపోతుంటే సప్లైని అనుమానించే ముందు డివైస్ ట్రీ తెరిచి చూడండి.

9. పరీక్ష

మాడ్యూల్ లోడ్ చేసి సెన్సార్స్ ఆదేశం ఇవ్వండి. వోల్టేజీని మీటరుతో పోల్చండి. తర్వాత తెలిసిన లోడుతో కరెంటును, ఒక్క విలువ దగ్గర కాకుండా తక్కువ, మధ్య, ఎక్కువ అనే మూడు చోట్ల పోల్చండి. మూడు చోట్లా ఒకే నిష్పత్తిలో తేడా ఉంటే షంట్ విలువో, 26, 50 మిల్లీవోల్టుల ఎంపికో తప్పు. మూడు చోట్లా ఒకే పరిమాణంలో తేడా ఉంటే బి గుర్తును చూడండి, మైనస్ పోయి ఉంటుంది.

వేడి కొలత గురించి మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాలి. ఈ చిప్పు కొలిచేది తన వేడిని కాదు, బయట డయోడులా కట్టిన ఒక ట్రాన్సిస్టర్ వేడిని. ఆ ట్రాన్సిస్టర్‌ను మాస్ఫెట్ పక్కనే అతికిస్తేనే అంకెకు అర్థం. దూరంగా పెట్టిన బోర్డులో ఈ అంకె గదిలో ఎండ ఎంతుందో చెబుతుంది, అంతే. మే నెలలో ఏసీ లేని గదిలో, బయట 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం ఒకసారి పూర్తి లోడుతో గంటసేపు నడపండి. ఏసీ ల్యాబులో 25 డిగ్రీల దగ్గర తట్టుకున్న మాస్ఫెట్ అక్కడ తట్టుకుంటుందన్న హామీ లేదు.

లోపాల పరీక్షకు హెచ్చరిక హద్దును ప్రస్తుత కరెంటు కంటే కిందికి దించండి. అలారం ఫైలు 1 చూపాలి. హద్దును మళ్లీ పెంచి చదవండి. మొదటిసారి పాత 1 రావచ్చు, దాని తర్వాత 0 రావాలి. చదవగానే కోర్ ఆ బిట్లను చెరిపే ప్రయత్నం చేస్తుంది. కాబట్టి రెండు పర్యవేక్షణ ప్రోగ్రాములు ఒకే ఫైలును చదువుతుంటే, క్షణకాలపు లోపాన్ని ఒకటి చూస్తుంది, రెండోది చూడకపోవచ్చు. అలర్ట్ తీగ బోర్డు మీద ఉంటే డివైస్ ట్రీలో ఇంటరప్ట్‌గా చూపండి. కొత్త కెర్నెళ్లలో పీఎంబస్ కోర్ దాన్ని అందుకుంటుంది.

మాడ్యూల్‌ను తీసి, మళ్లీ ఎక్కించి, ఆ సమయమంతా లోడు కరెంటు కదలలేదని చూడండి. డ్రైవర్ రావడం పోవడం కార్డుకు తెలియకూడదు.

10. పంపడం

మీ మార్పును ప్యాచ్‌గా (కోడులో తేడాలను చూపే ఫైలుగా) కెర్నెల్ నిర్వాహకులకు పంపే ముందు చెక్‌ప్యాచ్ స్క్రిప్టు హెచ్చరికలను సరిచేసుకోండి. గెట్_మెయింటైనర్ స్క్రిప్టు ఎవరికి పంపాలో చెబుతుంది. డివైస్ ట్రీ బైండింగు యామల్ ఫైలు ఒక ప్యాచ్‌గా ముందు, డ్రైవర్ దాని తర్వాత. డాక్యుమెంటేషన్ కింద హెచ్‌డబ్ల్యూమాన్ డైరెక్టరీలో మీ చిప్పుకు ఒక ఫైలు ఉండాలి, సూచికలో దాని పేరు చేరాలి. సైన్డ్-ఆఫ్-బై పంక్తిలో మీ పేరు, ఈమెయిలు సరిగా ఉండాలి. సమీక్షకులు మార్పులు అడిగితే కొత్త వెర్షన్ సంఖ్యతో పంపండి. ఏం మారిందో మూడు గీతల కింద రాయండి. అక్కడ రాసినది గిట్ చరిత్రలోకి ఎక్కదు.